బాక్సు వచ్చింది... బొమ్మ పడలేదు!

ఈ వారం హీరోల సంగతి కాదు, హీరోయిన్ల సంగతి అంతకన్నా కాదు. నలభై ఏళ్ల కిందటి క్యాసెట్ల సంగతి. పేజీ తిప్పెయ్యబోతున్నారు కదూ? ఆగండి! ఆ క్యాసెట్లలో ఉన్నవి కూడా సినిమాలే. కాకపోతే చూసే సినిమాలు కావు, ఆడే సినిమాలు.

2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘బ్లాక్ మిర్రర్: బ్యాండర్‌స్నాచ్’ అని ఓ సినిమా వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. కథ 1984లో జరుగుతుంది. ఓ కుర్రాడు కంప్యూటర్ గేము రాస్తూ రాస్తూ మతి చెడగొట్టుకుంటాడు. హీరో తర్వాత ఏం చెయ్యాలో బటన్ నొక్కి మనమే చెప్పాలి. అందులో ఒక ముగింపు దగ్గర కీచుమంటూ, గరగరమంటూ ఓ శబ్దం వస్తుంది. సౌండు చెడిందేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. చెడలేదు! ఆ శబ్దాన్ని రికార్డు చేసి స్పెక్ట్రమ్ అనే పాత కంప్యూటర్‌కి వినిపిస్తే తెర మీద ఒక కోడ్ బొమ్మ పడుతుంది. దాన్ని పట్టుకుని వెళితే నిజంగా ఆడుకునే గేమే దొరుకుతుంది.

ఆ పేరు కూడా ఊరికే పెట్టలేదు. లివర్‌పూల్‌లో ఇమాజిన్ అనే కంపెనీ 1984లో ‘బ్యాండర్‌స్నాచ్’ అనే గేము తెస్తున్నామని గొప్పగా ప్రకటనలు వేసింది. గేము రాకముందే కంపెనీ మూతపడింది. మన భాషలో చెప్పాలంటే పోస్టర్లు పడ్డాయి, సినిమా పడలేదు. అంతటితో అయిందా? 2025 మేలో నెట్‌ఫ్లిక్స్ ఆ సినిమాను కూడా తీసేసింది. రాని గేము పేరుతో వచ్చిన సినిమా, ఇవాళ అక్కడ చూద్దామంటే లేని సినిమా అయి కూర్చుంది!

ఆ సినిమా చూసిన దగ్గర్నుంచి కుర్రకారుకి ఈ పాత గేముల మీద మోజు పట్టుకుంది. ‘ఫలానా సినిమాకి గేము వచ్చిందట, ఎక్కడ దొరుకుతుంది?’ అని కొందరు అడుగుతారు. ‘దొరికిందండీ, కానీ ఎర్ర గీతలూ నీలం గీతలూ తప్ప ఏమీ రావడం లేదు’ అని ఇంకొందరు వాపోతారు. రెండింటికీ ఒకేసారి చెబుతాను. కొంచెం ఓపిక పట్టాలి మరి. ఆ గేములకి కావలసిందీ అదే.

ముందు ఆ కీచు శబ్దం సంగతి. బ్రిటన్‌లో 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16కె మోడల్ 125 పౌండ్లు, 48కె మోడల్ 175 పౌండ్లు. తెర కావాలంటే ఇంట్లో టీవీకి తగిలించాలి. ప్రోగ్రాం దాచుకోవాలంటే మామూలు టేప్‌రికార్డరే గతి. ప్రోగ్రామును శబ్దంగా మార్చి క్యాసెట్టు మీద రాస్తుంది, మళ్లీ ఆ శబ్దం విని ప్రోగ్రామును తెలుసుకుంటుంది. అదీ కీచు రహస్యం. 48కె అంటే ఎంతనుకున్నారు? ఇవాళ మీ ఫోనులో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టదు! అంత చిన్న గేము క్యాసెట్టు మీంచి ఎక్కడానికి అయిదు నిమిషాలు. తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం పట్టీలు కదులుతాయి, తర్వాత పసుపు, నీలం గీతలు సన్నగా పరుగెడతాయి. హాల్లో అసలు సినిమాకి ముందు స్లైడ్లు చూస్తూ కూర్చున్నట్టన్నమాట. అదే ఏడాది అమెరికాలో వచ్చిన కమోడోర్ 64లో అయితే కొన్ని కంపెనీలు క్యాసెట్టు ఎక్కేంతసేపూ పాట వినిపించేవి. మాంచెస్టర్‌లోని ఓషన్ కంపెనీ వాళ్ల లోడింగ్ సంగీతానికి ఇప్పటికీ అభిమానులున్నారంటే నమ్మండి.

ఈ ఓషన్ వాళ్లే సినిమా గేములకి పెద్ద నిర్మాతలు. ‘రాంబో’, ‘రోబోకాప్’, ‘బ్యాట్‌మాన్’ అన్నీ వాళ్లవే. ‘రోబోకాప్’ సినిమా 1987లో వస్తే, స్క్రిప్టు దశలోనే హక్కులు కొని పెట్టుకున్నారు. ఆ చూపు చూడండి! గేము 1988లో వచ్చి బ్రిటన్ అమ్మకాల పట్టికలో పైనుంచి దిగనని మొండికేసింది.

నాకు మటుకు అన్నిటికన్నా ఇష్టం ‘ఘోస్ట్‌బస్టర్స్’. 1984లో సినిమా వచ్చింది, ఆ ఏడాదే ఆక్టివిజన్ కంపెనీ గేము తెచ్చింది. డేవిడ్ క్రేన్ అనే ఆయన అప్పటికే ఓ కార్ల గేము మొదలుపెట్టి ఉండటంతో దాన్ని మలుచుకుని ఆరు వారాల్లో పని పూర్తి చేశాడు. పదివేల డాలర్లు చేతిలో పెడతారు. దాంతో కారు కొనాలి, దెయ్యాలు పట్టే సామాను కొనాలి, ఊళ్లో తిరిగి అప్పు తీర్చాలి. కమోడోర్‌లో మొదట పాట వస్తుంది. అక్షరాల మీద బంతి గెంతుతూ ఉంటుంది. స్పేస్ బటన్ నొక్కితే ‘ఘోస్ట్‌బస్టర్స్!’ అని మనిషి గొంతుతో అరుస్తుంది. 64కె యంత్రం మాట్లాడటం ఆ రోజుల్లో ఇంద్రజాలమే.

మరి ఇంత పేరున్న గేము ఇవాళ షాపులో ఎందుకు లేదు? ఇదీ అసలు ప్రశ్న. జవాబు మన సినిమావాళ్లకి చెప్పనక్కర్లేదు. నైజాం హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటరు గడువు తీరాక ప్రింటు చేతిలో ఉన్నా ఆడించగలడా? ఆడించలేడు. ఇక్కడా అంతే. ప్రోగ్రాం ఒకరిది, సినిమా పేరు ఇంకొకరిది, పాట మరొకరిది. ఒప్పందం గడువు తీరగానే క్యాసెట్టు తయారీ ఆగుతుంది. మళ్లీ వెయ్యాలంటే ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఓషన్ కంపెనీ అయితే 1996లో ఫ్రాన్స్‌కి చెందిన ఇన్‌ఫోగ్రామ్స్‌లో కలిసిపోయింది. పాత క్యాసెట్టు కోసం ఇంత తతంగం ఎవరు చేస్తారు?

మామూలు గేములకి ఈ బాధ తక్కువ. 2024 నవంబరులో స్పెక్ట్రమ్‌ను అచ్చం పాత రూపంలోనే, రబ్బరు మీటలతో సహా కొత్తగా తయారుచేసి అమ్మకానికి పెట్టారు. లోపలే 48 గేములు ఎక్కించి ఇచ్చారు. ‘మానిక్ మైనర్’ ఉంది. ‘ఘోస్ట్‌బస్టర్స్’ లేదు, ‘రోబోకాప్’ లేదు. సినిమా పేరే ఆ రోజు వాటిని అమ్మింది, ఆ పేరే ఇవాళ వాటిని రానివ్వకుండా చేసింది.

హక్కుల తమాషా ఇంకొకటి చెప్పాలి. 1985లో సీఆర్‌ఎల్ అనే కంపెనీ ‘బ్లేడ్ రన్నర్’ గేము వేసింది. సినిమా హక్కులు దొరకలేదు. ఏం చేశారో తెలుసా? వాంజెలిస్ కట్టిన సంగీతం హక్కులు పట్టుకుని, ‘ఇది సినిమాకి గేము కాదు, సినిమా సంగీతానికి గేము’ అన్నారు! మన దగ్గర ఇలాంటి తెలివి చూపించిన నిర్మాత ఎవరైనా ఉన్నాడా అని చాలాసేపు ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

సరే, వెతకడం ఎలా? అసలు క్యాసెట్టు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కోవడం అన్నిటికన్నా చక్కని దారి. బ్రిటన్‌లో వేలకొద్దీ అమ్మారు కాబట్టి పేరున్న సినిమా గేములు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో మీ బాబాయిగారో మేనమామో ఉంటే చెప్పి పెట్టండి. రెండోది, అభిమానులు నడిపే భాండాగారాలు. నెదర్లాండ్స్‌కి చెందిన ఓ అభిమాని 1995లో మొదలుపెట్టిన ‘వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్’ అందులో పెద్దది. హక్కుదారులకి ఉత్తరాలు రాసి అనుమతి అడగడం వాళ్ల పద్ధతి. కొందరు సరేనన్నారు, కొందరు వీల్లేదన్నారు, వద్దన్నవాటిని పంచిపెట్టలేదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: తయారీ ఆగిందంటే హక్కు పోయిందని కాదు. గాలికి పోతున్న సరుకని డబ్బు పుచ్చుకుని కాపీలు అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. అది బ్లాకులో టికెట్టు కొనడం లాంటిదే, పైగా సీటు ఉంటుందో ఉండదో తెలియదు.

మన దేశంలో దొరకవా అంటారా? దొరికే చోట్లు ఉన్నాయి. పుణె అంటే మనకి వెంటనే 1964లో పెట్టిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ గుర్తొస్తుంది. అదే ఊళ్లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1980లలో ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో ఈ యంత్రాన్ని మన దేశంలో అమ్మింది. ఇక 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లను స్కూళ్లకి పంపింది. మీ నాన్నగారు చదివిన స్కూలు స్టోర్‌రూములో, విరిగిన బెంచీల వెనక ఒకటి ఉన్నా ఆశ్చర్యం లేదు. వాటితో వచ్చిన క్యాసెట్లు, ఫ్లాపీలు ఏమయ్యాయో కాస్త అడిగి చూడండి.

ఇప్పుడు అసలు ఘట్టం. బాక్సు వచ్చింది, బొమ్మ పడటం లేదు!

నేను ఓ రబ్బరు మీటల స్పెక్ట్రమ్ కొన్నాను. అమ్మినతను దాంతోపాటు ‘ఇదే దీనిది’ అంటూ ఒక ఎలిమినేటర్ కూడా ఇచ్చాడు. తగిలించేముందు మల్టీమీటరు పెట్టి చూశాను. 9 వోల్టులే, కానీ ప్లస్సూ మైనస్సూ తలకిందులు! స్పెక్ట్రమ్ పిన్నుకి మధ్యలో మైనస్ ఉండాలి, మనకి బజారులో దొరికేవాటిలో చాలావాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. అది అలాగే తగిలించి ఉంటే యంత్రం లోపల కొన్ని భాగాలకి శుభం కార్డు పడేది. కమోడోర్ 64 వాళ్లకి ఇంతకన్నా పెద్ద గండం ఉంది. దాని పాత పవర్ బాక్సు వయసు మీద పడ్డాక 5 వోల్టులు ఇవ్వాల్సిన చోట ఎక్కువ ఇవ్వడం మొదలుపెడుతుంది, మెమరీ చిప్పుల్ని కాల్చేస్తుంది. నిన్న బాగుంది కదా అంటే ఇవాళ బాగుండాలని లేదు. కొత్తగా తయారైన పవర్ బాక్సు కొనుక్కోండి. అక్కడ పిసినారితనం పనికిరాదు.

యంత్రం వెలిగాక ‘ఘోస్ట్‌బస్టర్స్’ క్యాసెట్టు పెట్టాను. జె మీట నొక్కితే లోడ్ అన్న మాట మొత్తం వస్తుంది, పక్కన రెండు కోట్ మార్కులు, ఎంటర్. ఎర్ర పట్టీలు వచ్చాయి, పసుపు గీతలు వచ్చాయి, సగంలో ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని ప్రత్యక్షమైంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. క్యాసెట్టు చచ్చిందని చాలామంది ఇక్కడే పారేస్తారు. పారెయ్యకండి! పదింట్లో చాలాసార్లు చచ్చింది క్యాసెట్టు కాదు, మన టేప్‌రికార్డరు హెడ్డు వంకరగా ఉంది.

ఎలాగంటారా? గేము రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఏ కోణంలో ఉందో మీ హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా సన్నటి శబ్దాలు మొద్దుబారతాయి. కంప్యూటర్‌కి కావలసింది ఆ సన్నటి శబ్దాలే. పాటలైతే మన చెవి సర్దుకుంటుంది, స్పెక్ట్రమ్ సర్దుకోదు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాని తల తెలిసేలా కొన్ని టేప్‌రికార్డర్లకి మూతలో బెజ్జం కూడా ఉంటుంది. కేబుల్ ఊడదీసి స్పీకరులోనే ఆ కీచు శబ్దం వింటూ సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పండి. పావు చుట్టు కూడా అక్కర్లేదు. ఒకచోట శబ్దం ముసుగు తీసినట్టు పదునుగా, చెవికి గుచ్చుకునేలా అవుతుంది. అక్కడ ఆపండి. పాతకాలం హాల్లో ఆపరేటరు ఫోకస్ తిప్పుతుంటే మసగ్గా ఉన్న హీరోయిన్ ముఖం ఒక్కసారి స్పష్టమయ్యేది చూడండి, సరిగ్గా అదే! నాకు అరగంట పట్టింది. నాలుగో ప్రయత్నంలో బొమ్మ పడింది.

హెడ్డు తిప్పేముందు హెడ్డు తుడవాలి, అది మరిచిపోకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్డు, దాని పక్కనున్న ఇనుప కడ్డీ తుడవండి. రబ్బరు చక్రానికి పట్టిన గోధుమ రంగు మడ్డి కూడా పోవాలి. వాల్యూమ్ ముప్పాతిక, ట్రెబుల్ పూర్తిగా. డాల్బీ ఉంటే కట్టెయ్యండి. క్యాసెట్టు లోపల టేపును హెడ్డుకి అదిమిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే పాత పాటల క్యాసెట్టులోంచి ఒకటి తీసి పెట్టండి. ఏ క్యాసెట్టు బలివ్వాలో మీ ఇష్టం, నేను పేర్లు చెబితే ఆ హీరో అభిమానులు ఊరుకోరు!

ఒక్కసారి గేము ఎక్కిందా? ఆటకి కూర్చోకండి. ముందు కాపీ తీయండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. టేపు మీది పూత ఏటికేడాది రాలుతోంది, తిప్పినకొద్దీ ఇంకా రాలుతుంది. టేప్‌రికార్డరును ఇవాళ్టి కంప్యూటర్‌కి కలిపి మొత్తం శబ్దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చెయ్యండి. ఎంపీ3 వద్దు, అది చెవికి వినబడని వివరాలు కోసేస్తుంది. ఆ తర్వాత ఆడుకునేటప్పుడు క్యాసెట్టును బీరువాలో పెట్టి ఆ ఫైలునే ఫోనులోంచి స్పెక్ట్రమ్‌కి వినిపించొచ్చు. వాల్యూమ్ పూర్తిగా పెట్టి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నాలుగున్నర నిమిషాలయ్యాక మీ అత్తయ్యగారి ఫోను వచ్చిందో, మళ్లీ మొదటి రీలు నుంచి!

అసలు యంత్రమే లేనివాళ్లకి డూపు ఉంది. ఫైటింగుల్లో హీరోకి ఉన్నట్టే. స్పెక్ట్రమ్‌కి ‘ఫ్యూజ్’, కమోడోర్‌కి ‘వైస్’ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాములు మీ కంప్యూటర్‌ని పాత కంప్యూటర్‌లా నటింపజేస్తాయి. అక్కడ ఆడకపోతే మూడు చోట్ల చూడండి. 48కె గేమును 128కె యంత్రంలో పెట్టారేమో, మెనూలో 48 బేసిక్ ఎంచుకోండి. ట్యాప్ అనే ఫైలు రకంలో మామూలు లోడింగే పడుతుంది, కంపెనీ సొంతంగా రాసుకున్న వేగపు లోడింగ్ ఉంటే టీజెడ్‌ఎక్స్ రకం కావాలి. మూడోది కమోడోర్ వాళ్లకి: యూరప్ గేము మన టీవీల్లాగే సెకనుకి 50 సార్లు తెర గీస్తుందని నమ్ముకుని రాసింది, అమెరికా పద్ధతిలో 60 పెడితే పాట పరుగెత్తుతుంది, కొన్ని గేములు అసలు నిలబడవు.

ఇక గేము ఎక్కినా తలుపు తెరవని సందర్భం ఒకటుంది. దొంగ కాపీల భయంతో పెట్టిన తాళాలు అవి. 1984లో వచ్చిన ‘జెట్ సెట్ విల్లీ’తో రంగు గళ్ల కార్డు ఇచ్చారు. ఫలానా గడిలో ఏ రంగులున్నాయో చెబితేనే ఆట. ఆ రోజుల్లో రంగుల జిరాక్సు మామూలు జనానికి అందుబాటులో లేదు కదా, అదీ ధీమా! స్పెక్ట్రమ్ ‘ఎలైట్’తో 1985లో లెన్స్‌లాక్ అని ఓ ప్లాస్టిక్ కటకం ఇచ్చారు. తెర మీద చెదిరిన అక్షరాలను దాంట్లోంచి చూస్తే చదవగలగాలి. కొన్ని పెట్టెల్లో వేరే గేము కటకం పెట్టి పంపారు, డబ్బిచ్చి కొన్నవాళ్లే బయట నిలబడ్డారు! ఇప్పుడు ఆ కటకం పని చేసి పెట్టే ‘లెన్స్‌కీ’ అనే ప్రోగ్రాం ఉంది. కమోడోర్ ఫ్లాపీలది మరీ అన్యాయం. కావాలని చెడగొట్టిన చోట్లు పెట్టి, అవి ఉన్నాయో లేదో చూసేవారు. డ్రైవు వాటిని చదవలేక హెడ్డును టకటక గోడకేసి కొట్టుకునేది. కొన్నాళ్లకి ఆ హెడ్డే పక్కకి జరిగిపోయేది. అలాంటి ఫ్లాపీకి డీ64 అనే మామూలు కాపీ చాలదు, జీ64 కావాలి. దొంగని ఆపడానికి వేసిన తాళాలు ఇవాళ గేమును కాపాడాలనుకునేవాళ్ల చేతులు కట్టేస్తున్నాయి.

1931 నాటి ‘ఆలం ఆరా’ ప్రింటు ఇవాళ ఒక్కటి కూడా లేదు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’దీ అదే గతి. ఆ బాధ సినిమావాళ్లకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? స్పెక్ట్రమ్ భాండాగారంలో కూడా ‘కనబడుట లేదు’ పట్టిక ఉంది. ప్రకటన దొరికింది, పేరు దొరికింది, క్యాసెట్టు దొరకలేదు. పెద్ద సినిమా గేములకి ఢోకా లేదు, అవి వేలకొద్దీ ఇళ్లలో ఉన్నాయి. చిన్న కంపెనీ వందో రెండు వందలో వేసిన క్యాసెట్టు, స్కూల్లో మాస్టారు రాసుకున్న ప్రోగ్రాం, అవీ ప్రమాదంలో ఉన్నవి. పేరు లేదని, పైన చేతిరాత ఉందని విసిరెయ్యకండి.

అలాంటిది చేతికొస్తే పైన చెప్పినట్టు కాపీ తీసి, పెట్టెలోని అట్ట, సూచనల కాగితం, కార్డు ఏదున్నా రెండు వైపులా స్కాన్ చెయ్యండి. రెండో సైడు కూడా చివరిదాకా వినండి. ఒక సైడు స్పెక్ట్రమ్‌కి, రెండో సైడు కమోడోర్‌కి వేసిన క్యాసెట్లు ఉన్నాయి. లేబులు మీద ఏమీ రాసి ఉండకపోయినా సరే.